ఏ చావు ఏ పేజీలో?

ఒక పిట్ట చెట్టు మీద కూర్చుని కూస్తూ ఉంటుంది. ఆ చెట్టును నరికేస్తారు. దుంగలు మిల్లుకు చేరతాయి, గుజ్జవుతాయి, ఆ గుజ్జు కాగితమవుతుంది. కాగితం చుట్టలు చుట్టలుగా ప్రెస్సుకు వస్తుంది. దాని మీద అక్షరాలు పడతాయి. తెల్లారేసరికి పేపరు ఇంటి ముందు పడుతుంది. ఎవరో కాఫీ తాగుతూ చదువుతారు. చివరికి ఆ కాగితాన్నే తీసుకెళ్ళి ఒక పంజరం అడుగున పరుస్తారు. పంజరంలో పిట్ట.

అమెరికాలో సీబీఎస్ వాళ్ళు 1977 నుంచి 1982 దాకా ప్రసారం చేసిన 'లూ గ్రాంట్' అనే సీరియల్ తొలినాళ్ళ టైటిల్స్ ఇవి. పత్రికలవాళ్ళ గురించి తీసిన సీరియల్, ఆ పత్రికలవాళ్ళ పనంతా ఆఖరికి పిట్ట రెట్టకు పనికొస్తుందని ముందే చెప్పేసి కథలోకి దిగుతుంది. ఆ ధైర్యం నాకు నచ్చింది. ఆ మాటతో నాకు పేచీ కూడా ఉంది. ఈ వ్యాసం ఆ రెండింటి గురించీ.

ఈ సీరియల్‌ని అది వచ్చిన కాలంలో నేను చూడలేదు. చూసే దారే లేదు. 1977 సెప్టెంబరు 20న అక్కడ అది మొదలైతే, సరిగ్గా ఆ మరుసటి నెల అక్టోబరులో మన హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. మా ఊరికి టీవీ రావడానికి ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 2016లో ఈ సీరియల్ డీవీడీలుగా వస్తే, న్యూజెర్సీలో ఉండే మా మేనత్త కొడుకు, "నువ్వు పాత పేపరోడివి కదరా, నీకు పనికొస్తుంది" అని తెచ్చి ఇచ్చాడు. దోహాలో ఎండాకాలం శుక్రవారాలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఏసీ వేసుకుని గదిలో పడి ఉండడం తప్ప ఇంకో పని ఉండదు. అలా రెండు ఎండాకాలాల శుక్రవారాలు ఈ సీరియల్‌కి పోయాయి. మొత్తం 114 భాగాలు. అన్నీ చూశానని చెప్పను గానీ, చాలావరకు చూశాను. కొన్ని రెండుసార్లు చూశాను. ఒకటి మాత్రం నాలుగుసార్లు చూశాను. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు కథ చెప్పాలి. లూ గ్రాంట్ ఆకాశంలోంచి ఊడిపడిన పాత్ర కాదు. అంతకుముందు ఏడేళ్ళపాటు 'మేరీ టైలర్ మూర్ షో' అనే అరగంట హాస్య కార్యక్రమంలో మినియాపొలిస్ టీవీ స్టేషన్‌లో వార్తల విభాగం పెద్దగా అతను జనాన్ని నవ్వించాడు. 1977లో ఆ షో ముగిసినప్పుడు, ఆ స్టేషన్‌కు వచ్చిన కొత్త మేనేజరు అందరినీ ఉద్యోగాల్లోంచి పీకేసి, వార్తలు సరిగ్గా చదవడం కూడా రాని ఒక్క యాంకర్‌ని మాత్రం ఉంచుకుంటాడు. (మన తెలుగు చానెళ్ళు చూసేవాళ్ళకి ఇందులో హాస్యం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.) ఆ ఉద్యోగం పోయిన లూ గ్రాంట్ లాస్ ఏంజిలిస్‌కు వచ్చి, పాత స్నేహితుడు చార్లీ హ్యూమ్ మేనేజింగ్ ఎడిటర్‌గా ఉన్న 'ట్రిబ్యూన్' అనే కల్పిత పత్రికలో సిటీ ఎడిటర్‌గా చేరతాడు. నటుడు ఎడ్ ఆస్నర్ మారలేదు, పాత్ర పేరూ మారలేదు. అరగంట గంటయింది. వెనకనుంచి వినిపించే నవ్వులు ఆగిపోయాయి. ఒకే పాత్రకు హాస్యంలోనూ, గంభీర నాటకంలోనూ ఎమ్మీ బహుమతులు అందుకున్న మొదటి నటుడు ఆస్నరే.

సృష్టికర్తలు ముగ్గురు: జేమ్స్ ఎల్. బ్రూక్స్, ఆలన్ బర్న్స్, జీన్ రేనాల్డ్స్. అమెరికాలో అప్పటికి వాటర్‌గేట్ వేడి ఇంకా చల్లారలేదు. ఇద్దరు కుర్ర విలేఖరులు ఒక అధ్యక్షుణ్ణి దించేశారన్న కథ మీద అంతకు ముందు సంవత్సరమే, 1976లో, సినిమా వచ్చి ఆడింది. పత్రికల మీద సీరియల్ తీయాలంటే ఎవరైనా ఏం చేస్తారు? వారానికొక కుంభకోణం, వారానికొక రహస్య సాక్షి, చివర్లో బ్యానర్ హెడ్డింగు. అంతకు చాలా ముందు, 1950లో మొదలైన 'బిగ్ టౌన్' లాంటి సీరియళ్ళలో ఎడిటరే డిటెక్టివు పని కూడా చేసేవాడు.

'లూ గ్రాంట్' ఆ దారిన పోలేదు. ఇందులో కథానాయకుడు రాసేవాడు కాదు. దిద్దేవాడు, పంపించేవాడు, ఆపేవాడు. చొక్కా చేతులు మడుచుకుని, బల్లల మధ్య బరువుగా నడుస్తూ, "దీనికి రెండో సాక్షి ఎవరు?" అని అడిగే మనిషి. రిపోర్టర్లు జో రోసీ (రాబర్ట్ వాల్డెన్), బిల్లీ న్యూమన్ (లిండా కెల్సీ) వార్తలు తెస్తారు. ఫొటోగ్రాఫర్‌ని అందరూ 'యానిమల్' అంటారు, అతని ఆకారాన్ని బట్టి. ఎప్పుడూ ఇస్త్రీ నలగని సూటులో ఉండే అసిస్టెంటు ఎడిటర్ ఆర్ట్ డోనవన్. వీళ్ళందరి పైన పత్రిక యజమానురాలు మిసెస్ పించన్. వాషింగ్టన్ పోస్టు కేథరిన్ గ్రాహం ఛాయలు ఈ పాత్రలో చాలామంది చూశారు. ఆ పాత్ర వేసిన నాన్సీ మర్చండ్‌కు నాలుగుసార్లు ఎమ్మీ వచ్చింది. అమెరికాలో ఉన్న పాఠకులకు ఆవిడ 'సోప్రానోస్'లో కొడుకును పీక్కుతినే తల్లిగా ఎక్కువ గుర్తుండవచ్చు. ఇక్కడ ఆవిడ కనుబొమ్మ కొంచెం పైకి లేపితే చాలు, చార్లీ హ్యూమ్ కడుపు మంట మాత్రలు వెతుక్కుంటాడు.

ఈ సీరియల్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి మీటింగు సన్నివేశాలు. ప్రతి రోజూ సాయంత్రం ఎడిటర్లందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. విదేశీ వార్తలవాడు తన సరుకు చెబుతాడు, జాతీయ వార్తలవాడు తనది చెబుతాడు, లూ తన ఊరి వార్తలు చెబుతాడు. మొదటి పేజీలో ఇన్నే ఐటమ్‌లు పడతాయి. ఎవరిది లోపలికి పోవాలి? సంతలో బేరంలా ఉంటుంది. ఒకడు ఎగతాళి చేస్తాడు, ఇంకొకడు అలుగుతాడు. అయిదు నిమిషాల్లో ఊరు రేపు దేని గురించి మాట్లాడుకుంటుందో తేలిపోతుంది. పెద్ద సంగీతం ఏమీ ఉండదు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. పత్రికాఫీసులో పనిచేసినవాళ్ళకు మాత్రం ఆ సన్నివేశాలు చూస్తుంటే అరచేతులు చెమర్చుతాయి.

మా గదిలో జగిత్యాల దగ్గరి నుంచి వచ్చిన క్రేన్ ఆపరేటర్ ఒకతను ఉండేవాడు. ఇంగ్లీషు పెద్దగా రాదు. అయినా నాతోపాటు కూర్చుని చూసేవాడు. ఒకరోజు అడిగాడు: "గీ మోటాయన ఏం పని జేస్తడన్నా?"

"పేపర్లో ఏ వార్త ఎక్కడ రావాలో, ఎంత రావాలో చెప్తాడు."

"గంతేనా? గా దానికి గింత లొల్లా?"

ఆ ప్రశ్నకే ఈ సీరియల్ అయిదేళ్ళు జవాబు చెప్పిందని నా అభిప్రాయం. నిజాన్ని వెతికి పట్టుకోవడం మీద నాటకాలు చాలా వచ్చాయి. దొరికిన నిజానికి ఎంత జాగా ఇవ్వాలి అన్నదాని మీద నాటకం కట్టినవాళ్ళు తక్కువ. 2008లో 'ద వైర్' అయిదో సీజన్‌లో డేవిడ్ సైమన్ బాల్టిమోర్ పత్రికాఫీసును చూపించినప్పుడు మళ్ళీ ఆ ఛాయలు కనిపించాయి. కానీ సైమన్ కోపంతో తీశాడు, అందుకే అందులో మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ విడిపోయి కనిపిస్తారు. 'లూ గ్రాంట్'లో అలా కాదు. మంచివాళ్ళే వార్తను చంపుతారు. మొదటి భాగంలోనే, పోలీసు బీటు చూసే పాత విలేఖరి ఒకడు పోలీసుల పరువు తీసే వార్తను తొక్కిపెడతాడు. అతను లంచగొండి కాదు. ఏళ్ళ తరబడి వాళ్ళతో కలిసి టీ తాగి, కలిసి నవ్వి, వాళ్ళవాడైపోయాడు. మన జిల్లా కేంద్రాల్లో క్రైం వార్తలు చూసిన ప్రతివాడికీ ఈ మనిషి తెలుసు. కొందరికి అద్దంలో కూడా తెలుసు.

ఇంకో భాగంలో బిల్లీ, అమెరికన్ నాజీ నాయకుడొకడు పుట్టుకతో యూదుడని కనుక్కుంటుంది. అది వేస్తే అతనేమైపోతాడు? ఇది ఊరికే కల్పించిన ప్రశ్న కాదు. 1965లో న్యూయార్క్ టైమ్స్ అలాంటి వార్తే డాన్ బరోస్ అనే అతని గురించి వేస్తే, అది అచ్చయిన రోజే అతను తుపాకితో కాల్చుకుని చనిపోయాడు. ఇలాంటి ప్రశ్నలు తీసుకుని, ప్రేక్షకుడికి జవాబు చేతిలో పెట్టకుండా వదిలేయడం ఈ సీరియల్ పద్ధతి. చాలా భాగాలు మధ్యలో ఆగిపోయినట్టు ముగుస్తాయి. మొదట్లో నాకు విసుగొచ్చింది. తర్వాత తెలిసింది, పేపరాఫీసులో రోజు ముగిసేది కూడా అలాగే. పేజీలు వెళ్ళిపోయే టైమయింది కాబట్టి ముగుస్తుంది.

నేను నాలుగుసార్లు చూసిన భాగం పేరు 'మర్డర్'. రెండో సీజన్‌లోది. కథ రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. ఒక పేద నల్లజాతి యువతి హత్యకు గురవుతుంది, అది పేపర్లో ఎక్కడో లోపలి పేజీకి పోతుంది. అదే సమయంలో డబ్బున్న ఒక పెద్దావిడ తన ఇంట్లో దూరిన దొంగను గోల్ఫ్ కర్రతో ఎదిరిస్తుంది, రోసీ రాసిన ఆ వార్త మొదటి పేజీకెక్కుతుంది. బిల్లీకి అది మింగుడు పడదు.

ఇందులో గొప్పదనం ఎక్కడుందంటే, లూ గ్రాంట్ చెడ్డవాడు కాకపోవడంలో ఉంది. గోల్ఫ్ కర్ర వార్త నిజంగానే బాగుంటుంది. ఎవరైనా చదువుతారు, చదివి పక్కవాళ్ళకు చెబుతారు. ఆ పేటలో హత్యలు మామూలే, మామూలైంది వార్త ఎలా అవుతుంది? ఇది తర్కమే. నేను కూడా ఏడేళ్ళు ఇదే తర్కంతో అన్నం తిన్నాను. కాబట్టి ఆ చనిపోయిన అమ్మాయి వార్త కావాలంటే, ఆమె ఎవరో, ఎలా బతికిందో, ఏం కావాలనుకుందో బిల్లీ తిరిగి తిరిగి తెలుసుకోవాలి. ఆమె కూడా ఒక మనిషే అని పాఠకుడికి రుజువు చేయాలి.

నా పేచీ మొదలయ్యేది ఇక్కడే. గోల్ఫ్ కర్ర పట్టుకున్న ఆవిడ మనిషే అని ఎవరూ రుజువు చేయలేదు. అడగలేదు కూడా. చచ్చిపోయిన పేదమ్మాయి మాత్రం ఆసక్తికరంగా బతికి ఉండాలి, లేకపోతే పేజీ దొరకదు. ఈ సీరియల్ అన్యాయాన్ని చూసింది, చూపించింది. కానీ దానికి మందు మాత్రం మంచి రిపోర్టింగేనని నమ్మింది. బాగా రాస్తే పేజీ తలుపు తెరుచుకుంటుందని దాని విశ్వాసం. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఆ పేట నుంచి వచ్చినవాడు ఒక్కడూ ఎందుకు లేడు అన్నది దానికి పెద్దగా తట్టలేదు. అయిదేళ్ళూ ప్రధాన పాత్రలన్నీ తెల్లవాళ్ళవే. వ్యవస్థ పై మెట్టు మీద మిసెస్ పించన్ లాంటి మనస్సాక్షి ఉన్న యజమానురాలు కూర్చుని ఉంది కాబట్టి కథ నడిచింది. ఆవిడ లేకపోతే?

ఇక నా సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముందుకు సాగదు. 1990ల చివర్లో నేను కరీంనగర్‌లో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్ని. పత్రిక పేరు అనవసరం. అప్పటికే తెలుగు పత్రికలన్నీ జిల్లా ఎడిషన్ల బాట పట్టాయి. 1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక, మిగతావాళ్ళకు వేరే దారి లేకపోయింది. దానివల్ల జరిగిన మేలు తక్కువేమీ కాదు. బోరింగు చెడిపోయినా, బస్సు రాకపోయినా పేపర్లో పడింది. మండలానికొక విలేఖరి పుట్టాడు. పల్లెటూరివాడు తన ఊరి పేరు అచ్చులో చూసుకున్నాడు.

ఒక రాత్రి సిరిసిల్ల వైపు నుంచి ఒక కంట్రిబ్యూటరు పంపిన ఐటమ్ వచ్చింది. గల్ఫ్‌లో చనిపోయిన ఒక మనిషి శవం నలభై రోజులకు బొంబాయి మీదుగా ఊరు చేరింది. మూడు పేజీలు రాశాడు. అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఏజెంటుకు ఎంత కట్టాడు, చివరి ఉత్తరంలో ఏం రాశాడు, అన్నీ ఉన్నాయి. బాగా రాశాడు కూడా. నేను దాన్ని మూడు కాలమ్‌ల బాక్సుగా పెట్టాను. పదిన్నరకు ఒక నగల దుకాణం ప్రకటన వచ్చింది, అర పేజీ. బాక్సు ఎగిరిపోయింది. ఐటమ్ సింగిల్ కాలమ్ అయింది, మూడు పేజీలు నాలుగు వాక్యాలయ్యాయి. హెడ్డింగు నేనే పెట్టాను: 'గల్ఫ్‌లో ఒకరి మృతి'. ఆ తొందరలో చనిపోయినవాడి ఇంటిపేరు తప్పు పడింది.

మరుసటి వారం కంట్రిబ్యూటరు ఫోన్ చేశాడు. "సార్, పేరు తప్పు పడ్డది. ఆమె సాయం కోసం దరఖాస్తు పెట్టుకుంటున్నది, పేపరు కటింగ్ జత చేస్తే పేరు కలుస్తలేదంటున్నరట. సవరణ వేస్తరా?" సవరణ వేయలేదు. జిల్లా పేజీల్లో సవరణలు వేసే ఆనవాయితీ లేదని మా డెస్కు ఇన్‌ఛార్జి అన్నాడు. నేను గట్టిగా అడగలేదు.

'మర్డర్' భాగాన్ని నాలుగుసార్లు ఎందుకు చూశానో ఇప్పుడు చెప్పనక్కర్లేదనుకుంటాను. అయితే నాలుగోసారి చూస్తున్నప్పుడు ఒక తేడా కనిపించింది. ట్రిబ్యూన్‌కి మొదటి పేజీ ఒక్కటే. బిల్లీ గెలిస్తే ఊరంతా చదువుతుంది. నేను ఆ రాత్రి నగల దుకాణాన్ని గెలిచి ఉన్నా, ఆ బాక్సును కరీంనగర్ జిల్లా తప్ప ఎవరూ చదివేవారు కాదు. హైదరాబాదులో సచివాలయం వాళ్ళ చేతుల్లో ఉండే పేపర్లో అది ఉండదు. గుంటూరులో ఉండదు. గల్ఫ్ నుంచి శవాలు వస్తూనే ఉండే నిజామాబాద్ జిల్లాకి, పక్కనున్న కరీంనగర్ జిల్లా శవం తెలియదు. కడప నుంచి కువైట్‌కు వెళ్ళిన ఆడవాళ్ళ కథలు కడప పేజీలోనే పుట్టి కడప పేజీలోనే పోతాయి. వార్త పల్లెకు దగ్గరైంది, కానీ జిల్లా దాటలేదు. మన పత్రికలు గల్ఫ్ చావులను దాచిపెట్టలేదు. అది అన్యాయమైన మాట అవుతుంది. దాదాపు ప్రతి చావునూ వేశాయి. ఒక్కొక్కటీ ఒక్కో రోజు, ఒక్కో జిల్లాలో, సింగిల్ కాలమ్‌లో వేశాయి. అందుకే కూడిక ఎవరూ చేయలేదు.

ఆ కూడిక చేసినవాళ్ళు లండన్‌లో ఉన్నారు. 2021 ఫిబ్రవరిలో 'గార్డియన్' పత్రిక, ప్రపంచ కప్పు ఖతార్‌కు దక్కిన తర్వాత పదేళ్ళలో భారతదేశం, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకల నుంచి వచ్చినవాళ్ళు 6,500 మందికి పైగా ఇక్కడ చనిపోయారని రాసింది. అందులో మనదేశంవాళ్ళు 2,711 మంది. ఆ లెక్కలో అన్ని ఉద్యోగాలవాళ్ళూ, అన్ని కారణాల చావులూ ఉన్నాయని, ఇన్ని లక్షల మంది ఉన్నచోట ఈ సంఖ్య ఊహించదగినదేనని ఖతార్ ప్రభుత్వం జవాబిచ్చింది. ఆ వాదన ఎటు తేలినా సరే, నన్ను గుచ్చింది వేరే విషయం. ఆ 2,711లో తెలుగువాళ్ళవి ఎన్నున్నాయో గానీ, వాళ్ళ వార్తలు మన జిల్లా పేజీల్లో అంతకు ముందే అచ్చయి ఉంటాయి. పేరుతో, ఊరుతో, అప్పుతో సహా. మా దగ్గర సరుకంతా ఉంది. మీటింగు బల్ల లేదు.

దోహాలో ఈ వెలితి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1996లో అల్ జజీరా పుట్టిన ఊరు ఇది. 1978 నుంచి 'గల్ఫ్ టైమ్స్' వస్తోంది. మలయాళీలకు గల్ఫ్‌లోనే అచ్చయ్యే 'గల్ఫ్ మాధ్యమం' వచ్చింది, ఎవరికేమైనా అయితే తమ భాషలో తెల్లారేసరికి తెలుస్తుంది. మనకు సంఘాలున్నాయి, ఉగాది వేడుకలున్నాయి, గాయకులను పిలిపించి చేసే కచేరీలున్నాయి. పత్రిక లేదు. వలస వెళ్ళినచోట పత్రిక పెట్టడం మనకు చేతకాని పనేమీ కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 'ఆంధ్రపత్రిక'ను 1908లో బొంబాయిలో మొదలుపెట్టారు.

మన తెరల మీద పత్రికలవాడి సంగతి కూడా ఒక మాట అనుకోవాలి. తెలుగు సినిమాలో విలేఖరికి రెండే గతులు. భుజాన సంచి, కళ్ళజోడు పెట్టుకుని మూడో రీలులో హత్యకు గురవుతాడు. లేకపోతే హీరోయినై మైకు పట్టుకుని హీరోతో పోట్లాడుతుంది. మన సీరియళ్ళలో ఇన్ని వేల భాగాలు నడిచాయి, కోడళ్ళు పని చేసే ఆఫీసులు చూపించారు, ఆస్తుల కాగితాలు చూపించారు. రాత్రి పదకొండుకు ఒక పత్రికాఫీసులో ఏం జరుగుతుందో కూర్చుని చూపించిన సీరియల్ ఒక్కటీ నాకు గుర్తు రావడం లేదు. హిందీలో 1986లో రమేశ్ శర్మ తీసిన 'న్యూ ఢిల్లీ టైమ్స్' దగ్గరగా వచ్చింది. తాను నిజం అనుకుని వేసిన వార్తతో తననే ఎవరో వాడుకున్నారని తెలుసుకునే ఎడిటరుగా శశి కపూర్‌కు జాతీయ బహుమతి వచ్చింది. అందులోనూ కథ రాజకీయ నాయకుల చుట్టూ తిరుగుతుంది. లోపలి పేజీలో పడ్డ పేదమ్మాయి దాకా రాలేదు.

'లూ గ్రాంట్' ఎలా ఆగిపోయిందో కూడా చెప్పాలి, ఎందుకంటే సీరియల్‌లో రాయని భాగం అది. 1981లో ఆస్నర్ నటుల సంఘం అధ్యక్షుడయ్యాడు. 1982 ఫిబ్రవరిలో ఎల్ సాల్వడార్‌లో అంతర్యుద్ధ బాధితులకు మందుల కోసం చందాలు పోగుచేస్తూ, అక్కడి ప్రభుత్వాన్ని సమర్థిస్తున్న తన ప్రభుత్వ విధానాన్ని తప్పుపట్టాడు. అప్పటి దేశాధ్యక్షుడు రీగన్, ఒకప్పుడు అదే నటుల సంఘానికి అధ్యక్షుడు. గొడవ పెద్దదైంది. కింబర్లీ క్లార్క్ కంపెనీ తన ప్రకటనలు వెనక్కు తీసుకుంది. ఆ ఏడాదే సీరియల్ రద్దయింది. చూసేవాళ్ళు తగ్గారు కాబట్టి ఆపేశామని సీబీఎస్ అంది, తన మాటల వల్లే ఆపారని ఆస్నర్ 2021లో చనిపోయేదాకా నమ్మాడు. చూసేవాళ్ళు తగ్గిన మాట నిజమే. ప్రకటన పోయిన మాటా నిజమే. కింబర్లీ క్లార్క్ కాగితపు రుమాళ్ళు తయారు చేసే కంపెనీ. చెట్టు నుంచి కాగితం, కాగితం నుంచి పంజరం అని మొదలైన సీరియల్‌కు ఇంతకంటే తగిన వీడ్కోలు దాని రచయితలు కూడా రాయలేరు. నాకు మాత్రం నగల దుకాణం గుర్తొచ్చింది.

నటన గురించి ఇంత తక్కువ చెప్పానేమిటని అడిగేవాళ్ళకు: ఆస్నర్ ముఖం చూడండి, చాలు. కోపం వచ్చినప్పుడు కాదు, వార్తను ఆపేయమని చెప్పి కుర్చీలో కూర్చున్నాక చూడండి. లోపాలూ ఉన్నాయి. కొన్ని భాగాలు సమస్యను వరసపెట్టి వివరించే పాఠాల్లా ఉంటాయి. వారానికొక సామాజిక సమస్య తెచ్చి పెట్టడంలో బడి వాసన కొడుతుంది. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల గురించిన భాగం లాంటివి ఆ వాసనను దాటాయి, అన్నీ దాటలేదు. రోసీ పాత్ర దూకుడు రెండో సీజన్ దాకా సరదాగా ఉండి, తర్వాత అలవాటైపోతుంది.

ఇక టైటిల్స్‌తో నా పేచీ. 2004లో నేను దోహాకు వచ్చేముందు, ఊరు విడిచిపోయే ముందు చేయాల్సిన పనుల్లో ఒకటిగా పెట్టుకుని, ఆ సిరిసిల్ల వైపు పల్లెకు వెళ్ళాను. కంట్రిబ్యూటరే తీసుకెళ్ళాడు. ఆమె బీడీలు చుడుతోంది. నేనెవరో అతను చెప్పాడు, తప్పు పడిన పేరు సంగతి మాత్రం చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను. "పేపరు సారా?" అని లోపలికి వెళ్ళి రేకు పెట్టె తీసింది. అందులో భర్త పాస్‌పోర్టు జిరాక్సు, ఒక ఫొటో, వాటి మధ్యలో, లామినేషన్ చేయించిన నాలుగు వాక్యాల సింగిల్ కాలమ్. ఇంటిపేరు తప్పుగా ఉన్న చోట ఎవరో నల్ల సిరా పెన్నుతో దిద్ది, ఆ తర్వాత లామినేషన్ చేయించారు. ఎవరు దిద్దారని కంట్రిబ్యూటరును అడిగాను. "ఆమె బిడ్డ, సార్. అయిదో తరగతి," అన్నాడు.

ఆ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. మా డెస్కులో ఎవరి చేతిరాతా అంత బాగుండేది కాదు.